కుండ మీద పేరు

థీయాస్టర్ గేట్స్ చికాగో విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. లండన్‌లో, టోక్యోలో పేరున్న మ్యూజియాలు ఆయన కళకు ప్రత్యేక ప్రదర్శనలు పెట్టాయి. పాడుబడిన బ్యాంకు భవనాన్ని తీసుకుని గ్రంథాలయంగా, ప్రదర్శనశాలగా మార్చిన మనిషి. అయినా నలుగురిలో తన గురించి చెప్పుకోవలసి వస్తే, తాను కుమ్మరినన్న మాటతోనే మొదలుపెట్టడం ఆయనకు అలవాటు.

మన దేశంలో ఆ మాట అంత తేలిగ్గా నోట రాదు. ఇక్కడ కుమ్మరి అంటే పని ఒక్కటే కాదు, పుట్టుక కూడా. కళాశాలలో సారె తిప్పడం నేర్చుకున్నవారిని సిరామిక్ ఆర్టిస్ట్ అంటాం. తాతల నాటి నుంచి సారె తిప్పుతున్నవారిని కుమ్మరి అంటాం. మట్టి ఒకటే. మొదటివారు చేసిన పాత్ర అడుగున సంతకం ఉంటుంది. రెండోవారి కుండ మీద ఏమీ ఉండదు. గేట్స్ మొత్తం కళాజీవితాన్ని ఈ సంతకం అనే ఒక్క విషయం చుట్టూ చదవవచ్చునని నా అభిప్రాయం. ఆయన గొప్పతనం అక్కడే కనిపిస్తుంది, ఆయనతో నాకున్న పేచీ కూడా అక్కడే ఉంది.

ముందుగా నా సంగతి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం మా పేటలో చిన్న విహారం కట్టుకున్నాం. ముందు గోడకు మట్టి పలకలు అమర్చాం. వాటి మీద బోధి ఆకులు, పూర్ణఘటం. పక్క ఊరి పెద్దాయన ఒకరు వాటిని చేసి, ఆవంలో కాల్చి, ఎడ్లబండి లాంటి పాత ఆటోలో వేసుకుని తెచ్చిచ్చారు. లా చదివినదాన్ని కనుక ట్రస్టు దస్తావేజు ముసాయిదా రాసింది నేనే. శిలాఫలకం మీద చెక్కవలసిన పేర్ల జాబితా రాసిందీ నేనే. అందులో దాతలందరూ ఉన్నారు. ఆయన పేరు లేదు. ఆవిష్కరణ రోజున అది గమనించి సిగ్గుపడి అడిగితే, "పేరెందుకమ్మా, పలక మోగుతోందిగా, అది చాలు" అన్నారు. ఎంత గొప్ప మాట, ఇదే కదా అనత్త అంటే అనుకున్నాను. చాలామందికి చెప్పాను కూడా. అలా అనుకోవడం తప్పని నాకు తెలియడానికి గేట్స్ కళ చాలావరకు కారణం.

గేట్స్ 1973లో చికాగోలో పుట్టారు. తొమ్మిది మంది సంతానంలో చివరివారు, ఎనిమిది మంది అక్కలకు ఒక్కడే తమ్ముడు. తండ్రి ఇంటి కప్పులకు తారు పోసే పని చేసేవారు, తల్లి బడిపంతులమ్మ. చర్చి గానబృందంలో పాడుతూ పెరిగారు. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో పట్టణ ప్రణాళిక చదువుతూ, దాంతోపాటు సిరామిక్స్ నేర్చుకున్నారు. తర్వాత దక్షిణాఫ్రికా వెళ్లి కేప్‌టౌన్‌లో లలిత కళలు, మతాల అధ్యయనం చదివారు. పట్టణ ప్రణాళిక, మట్టి, మతం. ఈ మూడు చదువులూ ఆయన తర్వాత చేసిన ప్రతి పనిలోనూ ఉన్నాయి.

2004లో ఆయన జపాన్‌లోని టొకొనామెకు వెళ్లారు. అది జపాన్‌లో ఆరు ప్రాచీన కుమ్మరి కేంద్రాల్లో ఒకటి. అక్కడి వృత్తి కుమ్మరుల మధ్య ఉండి పని నేర్చుకున్నారు. ఇటు చికాగోలో రవాణా సంస్థ ఉద్యోగిగా రైల్వే స్టేషన్లలో కళాకృతులు పెట్టించే ప్రణాళిక పని కొంతకాలం చేశారు. అంటే ఒక చేత్తో గిన్నెలు, ఇంకో చేత్తో నగరం. అయితే ఆ గిన్నెలను అడిగేవారు పెద్దగా లేరు. చికాగో నల్లజాతి యువకుడు చేసిన జపాను తరహా గిన్నెను కళాలోకం ఏ గదిలో పెట్టాలో తేల్చుకోలేదు. చేతివృత్తుల సంతలో పెట్టి అమ్ముకోవలసిన సరుకుగానే అది మిగిలింది.

2007లో గేట్స్ ఒక కథ అల్లారు. షోజి యమగుచి అనే జపాను కుమ్మరి అమెరికా వచ్చి మిసిసిపీలో స్థిరపడ్డాడట. పౌరహక్కుల పోరాటంలో ఉన్న నల్లజాతి స్త్రీని పెళ్లి చేసుకున్నాడట. నల్లవారి వంటకు తగ్గట్టు పళ్లేలు చేశాడట. తాను ఆయన శిష్యుణ్ణని గేట్స్ చెప్పుకున్నారు. చికాగోలోని హైడ్ పార్క్ ఆర్ట్ సెంటర్‌లో ఆ పళ్లేల ప్రదర్శన పెట్టి, భోజనాలు ఏర్పాటు చేశారు. జనం వచ్చారు, తిన్నారు, పళ్లేలను మెచ్చుకున్నారు. గురువు అబద్ధం. పళ్లేలన్నీ గేట్స్ చేసినవే. ఆ కల్పిత గురువుకు షోజి అని పేరు పెట్టడంలో కూడా చమత్కారం ఉంది. జపాను ఆధునిక కుమ్మరుల్లో ప్రపంచ ప్రసిద్ధి పొందిన హమాడా పేరు కూడా షోజియే.

దీన్ని చాలామంది తెలివైన వేళాకోళంగా చూస్తారు. నాకు ఇందులో నవ్వు కంటే నొప్పి ఎక్కువ కనిపిస్తుంది. తన చేతిపనికి తన పేరు చాలక, పెద్దింటి పేరు అరువు తెచ్చుకోవడం మనకు తెలియని సంగతా? అద్దె ఇంటి కోసం ఇంటిపేరు మార్చి చెప్పినవారు మనలో ఉన్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఊరి పేరు, పేట పేరు మింగేసినవారు ఉన్నారు. గేట్స్ చేసిన తేడా ఒక్కటే. ఆ అరువు పేరును చివరికి తానే బయటపెట్టి, మీరు మెచ్చుకున్నది దేన్ని, గిన్నెనా, పేరునా అని చూసేవారిని నిలదీశారు. ఆయన నిజమైన తొలి కళాకృతి ఆ పళ్లేలు కావు, ఆ ప్రశ్న.

ఇక్కడ జపాను వైపు కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే అక్కడే బౌద్ధం వస్తుంది. 1925లో యనాగి సోయెత్సు, కుమ్మరులు హమాడా షోజి, కవాయ్ కన్‌జిరో కలిసి 'మింగేయ్' అనే మాట పుట్టించారు. సామాన్య జనం చేతివృత్తి కళ అని దాని భావం. పేరు ప్రతిష్ఠలు ఆశించని పనివారు, రోజువారీ వాడకం కోసం, వందలుగా వేలుగా చేసిన గిన్నెలోనే అసలైన సౌందర్యం ఉందన్నది యనాగి సిద్ధాంతం. దానికి ఆయన బౌద్ధంలో, ముఖ్యంగా జపానులో ప్రబలంగా ఉన్న అమితాభ బుద్ధుని భక్తి సంప్రదాయంలో ఆధారం వెతికారు. 'నేను చేస్తున్నాను' అన్న పట్టు వదిలినప్పుడు చేతిలోంచి అందం దానంతటది వస్తుందన్నారు. 1936లో టోక్యోలో జానపద చేతివృత్తుల మ్యూజియం తెరిచారు. అప్పటిదాకా వంటింటి మూలన పడి ఉన్న వస్తువులకు గౌరవం తెచ్చిన ఉద్యమం అది. ఆ మేరకు మనం కృతజ్ఞులం.

కానీ ఎవరు ఎవరి గురించి మాట్లాడుతున్నారో చూడండి. పేరు లేకపోవడమే గొప్ప అని రాసినవారందరికీ పేర్లున్నాయి. హమాడా తన కుండల మీద సంతకం పెట్టేవారు కాదు. అయితే వాటిని చూడగానే హమాడావని గుర్తుపట్టే లోకం ఆయనకు ఉంది, 1955లో జపాను ప్రభుత్వం ఇచ్చిన జాతీయ గౌరవం ఉంది. యనాగి ఎంతో ప్రేమించిన గిన్నెలు కొరియావి. ఆ కొరియా 1910 నుంచి జపాను ఆక్రమణలో ఉంది. కొరియా జనాన్ని అణచడాన్ని యనాగి ఖండించిన మాట నిజం. అయినా కొరియా కళలో దుఃఖ సౌందర్యం చూశానన్న ఆయన మాటను తర్వాతి కొరియా విమర్శకులు తప్పుపట్టారు. పాలకుల దేశంవాడు పాలితుల కుండలో నిరాడంబరతను, దుఃఖాన్ని చూసి మురిసిపోతే, ఆ కుండ చేసినవాడికి ఒరిగేదేమిటి?

బుద్ధుడు వదలమన్నది పట్టును. తన చేతిలో ఉన్నదాన్నే ఎవరైనా వదలగలరు. రాజకుమారుడు వదలడానికి రాజ్యం ఉంది. పేరే ఇవ్వనివాడిని, ఇచ్చినా ఎగతాళిగా పిలిచినవాడిని పట్టుకుని, నీకు పేరు మీద మమకారం లేదు, ఎంత ధన్యుడివో అంటే అది ధమ్మం కాదు. ధమ్మదీక్ష తీసుకున్న మన ఇళ్లలో చాలాచోట్ల ముందుగా జరిగింది పిల్లలకు కొత్త పేర్లు పెట్టుకోవడమే. అది అహంకారమని ఏ భిక్షువూ అనలేదు. పేరును స్వేచ్ఛగా వదలడానికైనా ముందు అది మనదై ఉండాలి.

గేట్స్‌కు ఈ తేడా ఎక్కడ తెలిసిందంటే, నా లెక్కలో, డేవ్ దగ్గర.

డేవ్ సుమారు 1800లో పుట్టారు. అమెరికా దక్షిణాన, దక్షిణ కరోలినాలోని ఎడ్జ్‌ఫీల్డ్ ప్రాంతంలో జాడీలు చేసిన బానిస. మన ఆవకాయ జాడీల్లాంటివే, కానీ ఎంతో పెద్దవి. తోటల్లో మాంసం, కొవ్వు నిలవ చేసుకోవడానికి వాడేవారు. 1859లో చేసిన అతిపెద్ద జాడీలు 40 గ్యాలన్లు, అంటే 150 లీటర్లు పట్టేవి. అంత మట్టిని సారె మీద నిలబెట్టడం ఎంత బలం, ఎంత ఒడుపు కావలసిన పనో మన కుమ్మరులను అడగండి. బానిసలకు చదవడం, రాయడం నేర్పితే శిక్ష వేయాలని దక్షిణ కరోలినా 1834లో చట్టం చేసింది. అదే 1834 నుంచి డేవ్ పచ్చి జాడీల భుజాల మీద పుల్లతో తేదీ వేసి, తన పేరు రాసి, కొన్నిటి మీద రెండేసి పాదాల పద్యాలు చెక్కారు. అక్షరమే నేరమైన చోట, యజమాని సరుకు మీద బానిస సంతకం. కాలిన తర్వాత దాన్ని చెరపడం ఎవరి తరమూ కాదు, జాడీని పగలగొడితే తప్ప.

యనాగి మెచ్చే అజ్ఞాత కుమ్మరిగా ఉండడానికి డేవ్‌కు అన్ని అర్హతలూ ఉన్నాయి. రోజువారీ వాడకం వస్తువులు, లెక్కలేనన్ని, పేదరికం, నైపుణ్యం. ఒక్కటే తక్కువ. అజ్ఞాతంగా ఉండడానికి ఆయన ఒప్పుకోలేదు. విముక్తి వచ్చాక డేవిడ్ డ్రేక్ అని పూర్తి పేరుతో నమోదయ్యారు.

2010లో మిల్వాకీ ఆర్ట్ మ్యూజియంలో గేట్స్ డేవ్ జాడీ చుట్టూ ఒక ప్రదర్శన చేశారు. డేవ్ పద్యాలకు బాణీలు కట్టి, పెద్ద గానబృందంతో పాడించారు. కుండను గాజుపెట్టెలో పెట్టి చూడడం కాకుండా, దాని ఎదుట నిలబడి పాడడం. చర్చిలో పెరిగినవాడికే తట్టే ఆలోచన అది. అప్పటికే ఆయన నడుపుతున్న 'బ్లాక్ మాంక్స్' సంగీత బృందం నల్లవారి భక్తిగీతాల గొంతును, బౌద్ధ విహారాల పఠన రీతిని కలిపి పాడేది. మూడేళ్ల కింద లేని గురువును కల్పించుకున్న మనిషికి ఇక్కడ నిజమైన గురువు దొరికాడు. ఆ గురువు జపాను నుంచి రానక్కరలేదు, తన జాతివాడే. నా దృష్టిలో గేట్స్ జీవితంలో మలుపు ఇదే. ఇక్కడి నుంచి ఆయన పనిలో వేషం పోయింది.

ఇదే కాలంలో ఆయన ఇళ్ల మీద పని మొదలైంది. 2006లో చికాగో దక్షిణ భాగంలో, డార్చెస్టర్ వీధిలో, ఒకప్పుడు మిఠాయి దుకాణంగా ఉన్న ఇంటిని కొని అందులో చేరారు. చుట్టుపక్కల ఇళ్లు ఖాళీ. ప్రభుత్వం కూల్చడానికి మార్కు చేసేది, బ్యాంకు అప్పు ఇచ్చేది కాదు. పక్క ఇల్లు కొన్నారు, ఆ తర్వాత ఇంకోటి. మూతపడిన పుస్తకాల షాపు నుంచి వేల వాస్తుకళా గ్రంథాలు, మూతపడిన రికార్డుల షాపు నుంచి గ్రామఫోన్ రికార్డులు, విశ్వవిద్యాలయం వదిలేసిన 60,000 గాజు స్లైడ్లు తెచ్చి ఆ ఇళ్లలో నింపారు. వీధివాళ్లు వచ్చి చదువుకున్నారు, విన్నారు, వండుకు తిన్నారు. పాత ఇళ్ల నుంచి ఊడదీసిన చెక్క, పెంకులతో కళాకృతులు చేసి గ్యాలరీల్లో అమ్మి, ఆ డబ్బుతో మళ్లీ ఇళ్లు బాగు చేశారు. 2012లో జర్మనీలోని కాసెల్‌లో జరిగిన డాక్యుమెంటా మహాప్రదర్శనకు చికాగో ఇంటి సామానును, పనివారిని తీసుకెళ్లి, అక్కడ శిథిలమైన ఒక పాత ఇంటిని 100 రోజులు బతికించారు.

కుండల నుంచి ఇళ్లకు ఎందుకు వెళ్లారని కొందరు అడుగుతారు. అది వెళ్లడం కాదని నాకనిపిస్తుంది. కుమ్మరి చేసేదల్లా పనికిరాని మట్టితో ఒక ఖాళీని కట్టడమే. గోడ మందం ఎంతైనా, వాడుకునేది లోపలి చోటును. డార్చెస్టర్ ఇల్లు కూడా అంతే.

2015లో తెరిచిన స్టోనీ ఐలాండ్ ఆర్ట్స్ బ్యాంక్ ఈ దారిలో పెద్ద అడుగు. 1923లో కట్టిన ఆ బ్యాంకు భవనం ఏళ్ల తరబడి మూతపడి, పైకప్పు కురుస్తూ ఉండేది. నగరపాలక సంస్థ దాన్ని ఒక్క డాలరుకు గేట్స్‌కు అమ్మింది, బాగుచేసే ఖర్చంతా ఆయనదే అన్న షరతుతో. ఆయన ఆ భవనంలోని పాలరాతిని పలకలుగా కోయించి, బాండ్ల మాదిరిగా అక్షరాలు చెక్కించి, 100 పలకలను ఒక్కొక్కటి 5,000 డాలర్లకు స్విట్జర్లాండ్ కళా సంతలో అమ్మకానికి పెట్టారు. నల్లవారికి అప్పు పుట్టని ప్రాంతంలో, చచ్చిపోయిన బ్యాంకు రాతినే బాండుగా మార్చి ధనవంతుల దగ్గర డబ్బు రాబట్టడం! ఇప్పుడు అక్కడ ఎబొనీ, జెట్ పత్రికలు ప్రచురించిన జాన్సన్ సంస్థ గ్రంథాలయం ఉంది. హౌస్ సంగీతానికి ఆద్యుడైన ఫ్రాంకీ నకల్స్ రికార్డులున్నాయి. నల్లవారిని వెక్కిరిస్తూ తయారైన బొమ్మలు, ప్రకటనలు వేల సంఖ్యలో ఉన్నాయి. ఒక నల్లజాతి దంపతులు అవి సంతలో తిరగకూడదని పట్టుదలగా కొని దాచినవి.

క్లీవ్‌లాండ్‌లో 2014లో 12 ఏళ్ల తమీర్ రైస్‌ను పోలీసులు కాల్చిచంపిన పార్కు మండపాన్ని కూల్చబోతుంటే, దాన్ని విప్పి చికాగో తెచ్చారు. 2019లో ఈ బ్యాంకు పక్కన పచ్చికలో తిరిగి నిలబెట్టారు. ఆ మండపాన్ని కాపాడాలన్నది ఆ బిడ్డ తల్లి సమారియా రైస్ కోరిక. విగ్రహం లేదు, శిల్పం లేదు. బిడ్డ కూర్చున్న చోటు ఉంది, అంతే. బహిరంగ కళ అనే మాటకు నాకు తెలిసిన బరువైన అర్థాల్లో ఇదొకటి.

ఆయన మరో పని కూడా ప్రస్తావించాలి. 1963లో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో పౌరహక్కులు అడిగిన పిల్లల మీదికి ఫైరింజన్ గొట్టాలతో నీళ్లు కొట్టారు. గేట్స్ 2011 నుంచి పాతబడిన ఫైరింజన్ గొట్టాలను చీల్చి, పక్కపక్కన కుట్టి పెద్ద పటాలు చేస్తున్నారు. దూరం నుంచి చూస్తే ఆధునిక నైరూప్య చిత్రంలా హాయిగా ఉంటాయి. అదే నాకు ఇబ్బంది. లక్షల డాలర్ల ఇంటి గోడ మీద అవి రంగుల చారలుగా సర్దుకుపోగలవు. అదే గొట్టపు పటాలను ఆయన చికాగోలో 95వ వీధి రైలు స్టేషన్‌లో పెట్టారు. రోజూ పనికి వెళ్లే నల్లవారు వాటి కింద నడుస్తారు. అక్కడ అవి జ్ఞాపకం. ఒకప్పుడు ఉద్యోగిగా ఏ రవాణా సంస్థ స్టేషన్లకు కళ ఏర్పాటు చేశారో, ఆ సంస్థ స్టేషన్‌కే తన కళ ఇచ్చారు. గ్యాలరీకి, స్టేషన్‌కు మధ్య ఆ గొట్టం మారలేదు, దాని ఎదుట నిలబడే మనిషి మారాడు.

ఇక నా పేచీ. లా చదివినవారికి ఒక దురలవాటు ఉంటుంది. ఎవరైనా ఇది ప్రజలది అంటే, దస్తావేజు చూపించమంటాం. డార్చెస్టర్ ఇళ్లను, బ్యాంకును నడిపేది రీబిల్డ్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ. దాన్ని స్థాపించింది గేట్స్. అందులో దురాశ ఉందని నేను అనడం లేదు. 2015లో ఆర్టెస్ ముండి బహుమతి 40,000 పౌండ్లు వస్తే, తోటి పోటీదారులందరితో పంచుకున్న మనిషి ఆయన. కూల్చకుండా మిగిల్చిన ప్రభుత్వ గృహాలను 32 ఇళ్ల సముదాయంగా బాగుచేయించి కళాకారులకు, తక్కువ ఆదాయం ఉన్నవారికి కలిపి ఇప్పించిన మనిషి. నా ప్రశ్న మంచితనం గురించి కాదు, హక్కు గురించి. రేపు ఆయన మనసు మారినా, సంస్థకు డబ్బు చాలక తలుపులు మూసినా, మూయకండని చట్టప్రకారం అడిగే హక్కు ఆ వీధివాడికి ఉందా? అతిథికి ఎంత మర్యాద జరిగినా అతిథే. అదీకాక పాలరాతి పలక 5,000 డాలర్లు పలికింది రాయిని బట్టి కాదు, దాని మీద ఉన్న సంతకాన్ని బట్టి. ఒకప్పుడు తన పేరుకు విలువ లేక వేరే పేరు అరువు తెచ్చుకున్నవాడు, ఇప్పుడు తన పేరు మీదే ఒక పేటను నిలబెడుతున్నాడు. అది విజయమే. కానీ ఒక్క పేరు మీద నిలబడ్డ పేట, ఆ పేరు వాడిపోతే ఏమవుతుంది? ఆ పలకలు కోసినవారు, గొట్టాలు కుట్టినవారు, కప్పు వేసినవారు చాలామంది ఆ పేటవాళ్లే. వాళ్ల పేర్లు కళాకృతి పక్కన చీటీ మీద ఉండాలని అడగడం అత్యాశ కాదు. డేవ్ కోసం అంత పెద్ద బృందంతో పాడించిన మనిషిని ఇంకెవరు అడగాలి?

ఈ ప్రశ్నకు జవాబు మన నేల మీదే ఒకచోట చెక్కి ఉంది. అమరావతి స్తూపానికి చేర్చిన రాతి పలకల్లో పూర్ణఘటం పలక ఒకటి. దాని మీద ప్రాకృతంలో దానశాసనం ఉంది. ఉపాధ్యాయుడు నాగుని కొడుకు, చమ్మకారుడు విధికుడు, తన తల్లితో, భార్యతో, సోదరులతో, కొడుకుతో కలిసి ఈ పలకను దానం చేశాడని. చమ్మకారుడంటే తోలుపని చేసేవాడు. క్రీస్తు శకం తొలి శతాబ్దాల్లో తోలుపనివాడు మహాస్తూపం మీద కుండ బొమ్మ ఉన్న పలక ఇచ్చి, వృత్తి దాచకుండా పేరు చెక్కించుకున్నాడు. తనొక్కడి పేరుతో ఆగలేదు, ఇంటిల్లిపాదినీ చేర్చాడు. అప్పటి దానశాసనాల్లో మరో మాట తరచూ కనిపిస్తుంది. దానం నాలుగు దిక్కుల సంఘానికి, వచ్చినవారికీ రాబోయేవారికీ అని. లా చదివినదానిగా నాకు అది చాలా గట్టి దస్తావేజు. ఇచ్చినవాడి పేరు రాతి మీద ఉంటుంది, వస్తువు మీద పెత్తనం మాత్రం అతని చేతిలో ఉండదు. రాబోయే భిక్షువుకు కూడా అందులో హక్కు ఉంది. యనాగి పేరును తీసేసి సౌందర్యం అన్నారు. గేట్స్ పేరును తిరిగి తెచ్చారు, పెత్తనాన్ని మాత్రం ఇంకా దగ్గరే ఉంచుకున్నారు. విధికుడు ఆ రెండింటినీ విడదీసి చూపించాడు.

గేట్స్ అటువైపే నడుస్తున్నారని నమ్మడానికి కారణాలున్నాయి. 2024లో టోక్యోలోని మోరి ఆర్ట్ మ్యూజియంలో ఆయన ప్రదర్శనకు 'ఆఫ్రో-మింగేయ్' అని పేరు పెట్టారు. నల్లవారి ఆత్మగౌరవ ఉద్యమాన్ని, జపాను సామాన్య చేతివృత్తి ఉద్యమాన్ని ఒకే మాటలో కలపడం అది. అందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆయన సొంత కుండలు కావు. టొకొనామెలో జీవితమంతా పనిచేసి 2022లో కన్నుమూసిన కొయిదె యోషిహిరో అనే కుమ్మరి వదిలివెళ్లిన దాదాపు 20,000 పాత్రలను గేట్స్ తీసుకుని, వరసలు వరసలుగా, ఆ కుమ్మరి పేరుతోనే అక్కడ పెట్టారు. 2007లో లేని జపాను కుమ్మరి పేరు చెప్పి తన పళ్లేలు చూపించిన మనిషి, 17 ఏళ్ల తర్వాత ఉన్న జపాను కుమ్మరి పేరు చెప్పి ఆయన పాత్రలనే చూపించారు. అప్పు తీర్చడం అంటే ఇదే.

హక్కు వైపు కూడా లోకం కొంచెం కదిలింది. 2025లో బోస్టన్‌లోని లలిత కళల మ్యూజియం తన దగ్గరున్న డేవ్ జాడీలు రెండింటి యాజమాన్యాన్ని ఆయన వారసులకు అప్పగించింది. ఒకదాన్ని వారి దగ్గర మళ్లీ డబ్బిచ్చి కొన్నది. చేసినవాడి ఇష్టంతో ఆ జాడీ అతని చేయి దాటలేదు గనుక, ఆ తర్వాత జరిగిన అమ్మకాలన్నిటికీ మొదట్లోనే లోపం ఉందని ఒప్పుకున్నట్టయింది. ఇన్నేళ్ల తర్వాత వారసులను గుర్తించగలగడానికి మూలాధారం ఏమిటో ఆలోచించండి. జాడీ మీద పుల్లతో రాసిన ఆ నాలుగక్షరాలు. డేవ్ కూడా కుండ మోగితే చాలనుకుని ఉంటే, ఇవాళ ఆయన మనవల మనవలకు అడగడానికి ఏమీ ఉండేది కాదు.

మా విహారానికి పలకలు చేసిన పెద్దాయన ఇప్పుడు లేరు. కొడుకు సారె వదిలేసి ఆటో నడుపుతున్నాడు. వచ్చే వైశాఖ పౌర్ణమికి శిలాఫలకం మార్చాలని ట్రస్టులో తీర్మానం చేశాం. పేరు ఎలా రాయాలో అడగడానికి ఈ మధ్య ఆ ఇంటికి వెళ్లాను. కొడుకు తండ్రి పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా చెప్పాడు. రాసుకుని లేవబోతుంటే ఆపాడు.

"మా అమ్మ పేరు కూడా రాయండి మేడమ్. మట్టి తొక్కిందంతా ఆమేగా."